అమ్మకో బాదుషా

పోలీసు చర్య అయిన మరుసటి ఏడాది. నాకు తొమ్మిదేళ్లు. అమ్మను చూపిస్తానని మా బాపు సూర్యాపేట దవాఖానకు తీసుకుపోయాడు. నన్ను బయట కూర్చోబెట్టి లోపలికి వెళ్లొచ్చి, "అమ్మ పండుకుంది. ముందు తిందాం పా బిడ్డా" అంటూ హోటలుకు నడిపించాడు.

పాలరాతి బల్లలు, నిలువుటద్దాలు! అంత గొప్ప హోటలు నేనెన్నడూ చూడలేదు. పూరీలు, బాదుషా, మళ్లీ పూరీలు. బాపు మాత్రం ఏమీ ముట్టలేదు.

"కడుపునిండ తిను. ఇయ్యాల ఇంటికాడ పొయ్యి ముట్టియ్యరు" అన్నాడు.

నాకేం అర్థం కాలేదు. "అమ్మకో బాదుషా కట్టియ్యి బాపూ" అన్నాను.

అంతే, అందరూ చూస్తుండగా బల్లమీద తల పెట్టి బావురుమన్నాడు.

చావింట్లో పొయ్యి ముట్టించరని ఇంటికి చేరాకే తెలిసింది. ఏడ్చేముందు నా కడుపైనా నిండాలనుకున్నాడట. అమ్మ పోయిన గంటకే నేను అడిగి మరీ రెండోసారి పూరీలు వేయించుకున్నాను. అవెంత రుచిగా ఉన్నాయో ఇప్పటికీ మరచిపోలేకపోతున్నాను.