ఎక్స్‌రే అక్క జేబులో కత్తి

ఆసుపత్రిలో ఆవిడ అసలు పేరు ఎవరికీ పెద్దగా గుర్తుండేది కాదు. డాక్టర్ల దగ్గర్నుంచి ఆయాల దాకా అందరికీ ఎక్స్‌రే అక్కే. నలభై దాటిన మనిషి, పొట్టి, మాట పొదుపు. "ఊపిరి పీల్చండి, బిగబట్టండి, ఇక వదలండి" అని రోజంతా అనీ అనీ అలిసిపోయి, ఇంటికొచ్చాక కట్టుకున్నవాడితో కూడా అంతకు మించి మాట్లాడదని మరిది వేళాకోళం చేసేవాడు. ఆ మాటకి భర్త నవ్వేవాడు. ఆయన టైలరు. ముందు గదే కొట్టు. నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పట్టుకుని ఉండటం వల్ల ఆయనా పెద్ద మాటకారి కాదు.

ఆదివారం వచ్చిందంటే మాత్రం అక్క కాలు ఇంట్లో నిలిచేది కాదు. మూతపడ్డ చోట్లకి వెళ్ళేది. ఆ అలవాటు ఆసుపత్రిలోనే పట్టుకుంది. వెనకవైపు పాత వార్డు మూసేసి చాలా కాలమైంది. అందులో ఒక బీరువా ఉంది, దాంట్లో పనికొచ్చేవేమైనా ఉన్నాయేమో చూసి రమ్మని ఒకసారి తాళంచెవి ఇచ్చి పంపారు. లోపల మంచాలు వరసగా అలాగే ఉన్నాయి. ఒక మంచం కింద జత చెప్పులు, ఎవరో ఇప్పుడే విడిచినట్టు. పగిలిన కిటికీలోంచి ఎండ నేల మీద పడి, చూసేవాళ్ళు లేకపోయినా తన పని తాను చేసుకుపోతోంది. అక్క అక్కడ నిలబడిపోయింది. బీరువా సంగతి మర్చిపోయి వట్టి చేతులతో తిరిగొచ్చి చీవాట్లు తింది.

ఆ తర్వాత ఒక చిన్న కెమెరా కొనుక్కుంది. మూతపడ్డ నూలు మిల్లు, కుర్చీలు పీకేసిన సినిమాహాలు, నీళ్ళు ఎండిపోయిన ఈత కొలను. కాపలావాడుంటే అడిగి వెళ్ళేది, లేకపోతే గోడ ఎక్కడ పడిపోయిందో చూసుకుని దూరేది. ఫోటోలు తప్ప అక్కణ్ణుంచి పుల్ల కూడా తెచ్చేది కాదు. టైలరు ఎప్పుడూ వెంట వెళ్ళలేదు, ఆయనకి దుమ్ము పడదు. ఎక్కడికి వెళ్తున్నావో మాత్రం చెప్పి వెళ్ళమనేవాడు. ఆవిడ చెప్పే వెళ్ళేది.

ఒక ఆదివారం మూతపడ్డ అచ్చాఫీసుకి వెళ్ళింది. లోపలి గదిలో ఇద్దరు మగవాళ్ళు గోడల్లోంచి కరెంటు తీగలు లాగి, రాగి కోసం పైతొడుగు ఒలుస్తూ కూర్చున్నారు. ఆవిణ్ణి చూసి ఒకడు లేచొచ్చి గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు.

"ఏం తీశావు?"

"గోడలు," అంది అక్క.

"ఇటివ్వు."

కెమెరా ఇచ్చేసింది. వాడు పక్కకి జరిగాడు. ఆవిడ బయటికొచ్చి బస్సెక్కింది. ఇంటికొచ్చి మొగుడితో, "కెమెరా పోయింది, కొత్తది కొనాలి," అని మాత్రమే చెప్పింది. ఆయన కుట్టు మిషను ఆపి, ఆవిడ వైపు తిరిగి కూర్చున్నాడు. ఇక మొత్తం చెప్పక తప్పలేదు.

సాయంత్రానికి సంగతి మరిదికి తెలిసింది. అతను ఒక పెద్ద దుకాణంలో సెక్యూరిటీ పని చేస్తాడు. లోకంలో సగంమంది దొంగలు, మిగతా సగం ఇంకా దొరకనివాళ్ళు అని అతని నమ్మకం. కొత్త కెమెరా గురించి మాట్లాడుకుంటుంటే వచ్చి, జేబులోంచి ఒక మడతకత్తి తీసి బల్ల మీద పెట్టాడు.

"ఇది పెట్టుకో వదినా."

"ఎందుకు, ఉల్లిపాయలు తరగడానికా?"

"నవ్వకు. వాడు కెమెరా అడిగాడు కాబట్టి సరిపోయింది. ఇంకేదైనా అడిగుంటే?"

ఆ మాటకి టైలరు తల వంచుకున్నాడు. అక్క కత్తి చేతిలోకి తీసుకుని, తెరిచి, మూసింది. ఆవిడకి కత్తులు కొత్త కాదు. తగాదాల్లో పొడిపించుకున్నవాళ్ళు ఆవిడ బల్ల మీద పడుకునే వెళ్తారు. ఒకడి డొక్కలో విరిగిన మొన ఎక్స్‌రేలో తెల్లగా మెరవడం ఆవిడ చూసింది. ఆ కత్తి వాడిదేనట.

"నేనిది తీస్తే అవతలివాడు ఊరుకుంటాడా? నా చేతిలోంచి లాక్కుని నాకే చూపిస్తాడు."

"తియ్యక్కర్లేదు. ఉందని నీకు తెలిస్తే చాలు, ధైర్యంగా ఉంటుంది."

"ధైర్యం కోసమైతే నువ్వే రారాదూ?"

"నాకు ఆదివారాలు డ్యూటీ."

టైలరు నోట్లోంచి సూదులు తీసి పక్కన పెట్టాడు. "వెళ్ళొద్దని నేననను," అన్నాడు. "నువ్వు వెళ్ళినప్పుడల్లా గుమ్మం వైపు చూస్తూ కూర్చోవడం మాత్రం నా వల్ల కాదు. అది పెట్టుకుంటే నాకు కాస్త నిమ్మళంగా ఉంటుంది."

ఆయన అంత పొడుగు మాట మాట్లాడటం అరుదు. అక్క కత్తిని, ఆదివారాలు వేసుకు తిరిగే కోటు జేబులో వేసుకుంది. తన ధైర్యం కోసం కాదు, ఆయన నెమ్మది కోసం.

కత్తి జేబులోకి వచ్చాక ఆవిడ నడక మారింది. ముందైతే ఒక గదిలో అడుగు పెడితే గోడ మీద పెచ్చు, కిటికీ చువ్వ నీడ, మూల పడున్న డబ్బా కనిపించేవి. ఇప్పుడు ముందు తలుపులు కనిపిస్తున్నాయి, తలుపుల వెనకాల చోటు కనిపిస్తోంది. కుడిచెయ్యి జేబులోనే ఉండిపోవడంతో ఫోటోలు తగ్గాయి. పావురం రెక్క కొట్టుకున్నా వేళ్ళు బిగుసుకునేవి. ఇదివరకు తను భయపడలేదని కాదు. అప్పటి భయం వచ్చి పోయేది, ఇప్పటిది జేబులో కాపురం పెట్టింది. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

వానలు తగ్గాక ఒక పాత బడికి వెళ్ళింది. పిల్లలు రాక మూసేసిన రెండంతస్తుల భవనం. మెట్ల పక్కన ఇనుప కమ్మీలు ఎవరో కోసుకుపోయారు, మొండి మెట్లు మిగిలాయి. పైన ఒక తరగతి గదిలో బల్లలన్నీ గోడ వారకి జరిపి ఉన్నాయి. నల్లబల్ల కింద చెక్క స్కేలు, విరిగిన గ్లోబు. అక్క గ్లోబు ముందు చతికిలబడి ఫోటో తీసుకుంటుంటే వెనక ఏదో గీరుకున్న చప్పుడైంది.

లేచి తిరిగేసరికి కత్తి చేతిలో ఉంది. ఎప్పుడు తీసిందో, ఎప్పుడు తెరిచిందో ఆవిడకే తెలియదు.

గుమ్మంలో ఒక అమ్మాయి. ముప్పై లోపే ఉంటుంది. చేతిలో నీళ్ళ సీసా. రెండు క్షణాలు ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. అక్క, "ఆగు," అందామనుకుంది. ఆ మాట బయటికొచ్చిందో లేదో గాని, చేయి మాత్రం కత్తితో సహా ముందుకొచ్చింది. ఆ అమ్మాయి సీసా వదిలేసి వెనక్కి తిరిగి పరిగెత్తింది. తర్వాత మెట్ల దగ్గర కేక, ఆపైన దబ్బుమన్న చప్పుడు.

అక్క కిందికి దిగేసరికి ఆ అమ్మాయి ఎడమ మణికట్టు పట్టుకుని కూర్చుని ఉంది. ఏడవడం లేదు. అక్కని చూసి నేల మీదే వెనక్కి జరిగింది.

"ఆయన పంపించాడా?" అని అడిగింది.

"ఎవరు?"

"మా ఆయన."

"కాదమ్మా. నేను ఫోటోలు తీసుకోవడానికి వచ్చాను."

"కత్తి పట్టుకునా?"

అక్క చేతివైపు చూసుకుంది. అప్పుడు మడిచి జేబులో పెట్టింది. పైకెళ్ళి ఆ చెక్క స్కేలు తెచ్చి, మణికట్టు కింద ఆనించి, తన మెడలో గుడ్డతో గట్టిగా కట్టింది. ఆ అమ్మాయి కట్టనిచ్చింది గాని, కళ్ళు మాత్రం ఆవిడ జేబు మీదే ఉన్నాయి.

ఆసుపత్రికి తీసుకెళ్ళింది. ఆదివారం డ్యూటీలో ఉన్న కుర్రాణ్ణి పక్కకి జరగమని, ఎక్స్‌రే తనే తీసింది. "కదలకు," అంది. ఊపిరి బిగబట్టమని చెప్పబోయింది. మణికట్టుకి అది అక్కర్లేదు, అలవాటు కొద్దీ నోటి దాకా వచ్చింది. తెర మీద ఎముక తెల్లగా వచ్చింది, దానికి అడ్డంగా గీత. ఇలాంటి గీతలు ఎన్ని చూసిందో లెక్కలేదు. ఎవరు ఎలా పడ్డారన్నది ఎప్పుడూ ఆవిడ అడిగే ప్రశ్న కాదు, అది డాక్టరు పని.

డాక్టరు అడిగాడు. "ఎలా పడ్డావు?"

"మెట్ల మీద కాలు జారింది," అంది ఆ అమ్మాయి.

అక్క నోరు విప్పింది. "నేను భయపెట్టాను. నా చేతిలో కత్తి ఉంది."

డాక్టరు ఇద్దరి వంకా చూసి, "కేసేమైనా పెడతావా?" అని అమ్మాయిని అడిగాడు. ఆమె వద్దని తలూపింది. పోలీసుల దాకా వెళ్తే తనెక్కడుందో మొగుడికి తెలుస్తుంది. డాక్టరు చేతికి పిండికట్టు వేశాడు.

బయట బెంచీ మీద టీ తాగుతూ ఆ అమ్మాయి తన కథ చెప్పింది. చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. కొట్టే మొగుడు, దాచుకోలేని పుట్టిల్లు. ఆ బడి తను చిన్నప్పుడు చదువుకున్నదే. ఆదివారాలు తప్ప పగలు ఒక హోటల్లో గిన్నెలు తోమి, చీకటి పడే లోపు వచ్చి ఆ గదిలో బల్లలు తలుపుకి అడ్డం పెట్టుకుని పడుకుంటుంది. టీ అయిపోయాక అడిగింది.

"ఆ కత్తి నాకిస్తారా?"

"నీకెందుకు?"

"మీకెందుకో నాకూ అందుకే. మీరు సాయంత్రానికి ఇంటికెళ్ళి గడియ పెట్టుకుంటారు. నా గదికి గడియ కూడా లేదు."

"నీ చేతిలోంచి లాక్కోవడం వాడికి ఎంతసేపు?"

"మీ చేతిలోంచి నేను లాక్కున్నానా? పారిపోయాను. ఆయనా పారిపోతాడేమో."

అక్క కత్తి ఇవ్వలేదు. ఆ అమ్మాయిని ఇంటికి తీసుకొచ్చింది. టైలరు ఆ చేతినీ, భార్య మొహాన్నీ చూసి, ప్రశ్నలు తర్వాతికి పెట్టుకుని కొట్టు గదిలో మంచం వేశాడు. మిగిలిన గుడ్డతో చేతికి మెత్తటి జోలె కుట్టి మెడలో వేశాడు. మరిది వచ్చి సంగతంతా విన్నాడు.

"చూశావా, నీ ధైర్యం ఏం చేసిందో," అంది అక్క.

"ఈ అమ్మాయి కాబట్టి అలా అంటున్నావు. ఆ తీగల దొంగలే అయ్యుంటే?"

"అయ్యుంటే ఏమయ్యేదో నాకు తెలీదు. నీకూ తెలీదు."

"తెలీదు కాబట్టే పెట్టుకోమన్నాను."

ఆ వాదన అక్కడే ఆగింది. ఇప్పటికీ వాళ్ళ మధ్య అది ఎటూ తేలలేదు. ఆ అమ్మాయి మాత్రం మరిది వైపు మాట్లాడేది. మీ వదినగారు తెలిసినావిడే గాని, గడియ లేని గదిలో ఎప్పుడూ పడుకోలేదు అనేది. ఈ మాట అక్క వినేలాగే అనేది. అక్కకి కోపం రాలేదు, అందులో తప్పేమీ కనిపించలేదు.

కట్టు విప్పే దాకా ఆమె వాళ్ళింట్లోనే ఉంది. ఒంటిచేత్తోనే చొక్కాలకి ఇస్త్రీ చేసేది. గుండీలు ఏరి రంగుల వారీగా డబ్బాల్లో వేసేది. టైలరు కొట్టు అంత తీరుగా అంతకుముందెప్పుడూ లేదు. తర్వాత మరిదే ఎవరినో అడిగి, ఆడపిల్లల హాస్టల్లో వంటింటి పని చూసిపెట్టాడు. అక్కడే గది, గేటుకి కాపలా. వెళ్ళేరోజు ఆమె అక్క చేయి పట్టుకుని కాసేపు నిలబడింది.

బడి నుంచి వచ్చిన రోజే అక్క కత్తిని సొరుగులో పడేసింది. ఆమె వెళ్ళాక తెరిచి చూస్తే అది లేదు.

టైలరు కూడా చూశాడు. "వెళ్ళి అడగనా?"

"వద్దు," అంది అక్క. సొరుగు మూసేసింది. మంచి పనే జరిగిందో, చెడ్డ పనే జరిగిందో ఆవిడ తేల్చుకోలేకపోయింది. ఆసుపత్రిలో కత్తిగాయంతో ఎవరైనా వస్తే మాత్రం, చాలాకాలం పాటు, ముందు మొహం చూసి తర్వాత గాయం చూసేది. ఆమె ఎప్పుడూ రాలేదు, ఆమె మొగుడూ రాలేదు. వచ్చినా అక్క గుర్తుపట్టే వీలు లేదు, ఆ మనిషి ఎలా ఉంటాడో ఆవిడకి తెలియదు.

ఇంకో కత్తి కొనిస్తానని మరిది అన్నాడు. ఆవిడ ఒప్పుకోలేదు. ఆదివారాలు సెలవు పెట్టి నువ్వే రా అంది మళ్ళీ. ఈసారి నెలకొకసారి వస్తానన్నాడు. వస్తాడు కూడా, జేబులో కారం జల్లే సీసా పెట్టుకుని, లోపలికి రాకుండా గేటు దగ్గర ఫోను చూసుకుంటూ కూర్చుంటాడు. ఆ సీసా గురించి ఆవిడ ఏమీ అనదు. గుమ్మం వైపు చూడటం టైలరు మానలేదు, ఆ సంగతి ఆవిడకి తెలుసు.

అక్క చేసే పనిలో మారింది ఒక్కటే. మూతపడ్డ ఏ చోటికి వెళ్ళినా ముందు గుమ్మంలోనే నిలబడి గొంతెత్తి, "లోపల ఎవరైనా ఉన్నారా? నేను ఫోటోలు తీసుకోవడానికి వచ్చాను. రమ్మంటే వస్తాను," అంటుంది. అని కాసేపు ఆగుతుంది. దానివల్ల దొంగలకి ముందే తెలిసిపోతుంది కదా అని మరిది గొణుగుతాడు. తెలియనీ అంటుంది ఆవిడ.

చాలాచోట్ల జవాబు రాదు. అప్పుడు లోపలికి వెళ్తుంది.

ఒకసారి, పాత గిడ్డంగి ఒకదానిలో, లోపల్నుంచి ఒక మగగొంతు వినిపించింది. ముసలి గొంతు, ఇంకా నిద్ర వదలనట్టుంది.

"ఉన్నాం. ఇప్పుడు రావద్దు."

"సరేనండి," అంది అక్క. కెమెరా సంచిలో పెట్టుకుని, గేటు దగ్గర ఫోను చూసుకుంటున్న మరిదిని లేపుకుని, బస్సు కోసం నడిచింది.