బెల్లం కాటా మీద నేను

పోయిన నెల మా మనవరాలు పలకంత గాజు తూకం ఒకటి తెచ్చి నా మంచం పక్కనే నేల మీద పెట్టింది. పొద్దున లేవగానే కాఫీ కంటే ముందు దాని మీద ఎక్కాలట. మోకాళ్ల నొప్పికి చూపించుకోవడానికి వెళితే తిరుపతి డాక్టరమ్మ పన్నెండు కిలోలు తగ్గమని చెప్పి, ఏం తినాలో ఎంత నడవాలో ఒక కాగితం మీద రాసిచ్చింది. ఆ కాగితంలో రాగి సంగటి, ఉలవలు, ఉడికించిన గుడ్డు కనిపించేసరికి నాకు నవ్వు ఆగలేదు. నలభై ఐదేళ్ల కిందట, కానిస్టేబులు ఉద్యోగం కోసం, బరువు పెరగడానికి నన్ను తినమన్నవీ అవే మరి. పోలీసు ఉద్యోగం చేసి ఏ.ఎస్.ఐ.గా రిటైరైన ఈ లావుపాటి మనిషి ఒకప్పుడు నలభై కిలోలు తూగడానికి నానా తంటాలు పడిందంటే మా మనవరాలు నమ్మడం లేదు. నాతోటి వయసువాళ్లు నమ్ముతారని చెబుతున్నాను.

మాది చంద్రగిరి దగ్గర పల్లె. చెరుకు పండించి, గానుగ ఆడించి, బెల్లం చిత్తూరు మండీకి తోలడం నాయన పని. నేను పదో తరగతి పాసై ఇంట్లో ఉన్న రోజుల్లో ఆడపిల్లలకు పోలీసు ఉద్యోగాలు పడబోతున్నాయని మా మామ, అంటే అమ్మ తమ్ముడు, వార్త మోసుకొచ్చాడు. ఆయన మిలిటరీలో పని చేసి వచ్చినవాడు కాబట్టి ఇంట్లో ఆయన మాటే మాట. ఎత్తు సరిపోతుంది గానీ బరువు నలభై కిలోలకు తగ్గితే గేటులోంచే పంపించేస్తారని చెప్పాడు. నేనా, గాలికి పడిపోయే పిల్లను. అప్పటికే రెండు సంబంధాలు వచ్చి, పిల్ల మరీ బక్కపలుచగా ఉందని చెప్పి వెళ్లిపోయాయి, అందుకు అమ్మ ఏడ్చింది గానీ నేను లోలోపల సంబరపడ్డాను. ఆ ఉద్యోగం రాకపోతే మూడో సంబంధానికి తల వంచాల్సిందేనని నాకు తెలుసు. అందుకే మామ ఏం చెబితే అది చేయడానికి సిద్ధపడ్డాను.

మామ ఒక తెల్లకాగితం మీద ఎర్ర సిరాతో టైంటేబులు రాసి వంటింటి తలుపుకు మెతుకులతో అంటించాడు. తెల్లవారుజామున నానబెట్టిన చెనిక్కాయలు, అదే వేరుశనగ గింజలు, గుప్పెడు, తర్వాత చంద్రగిరి కోట దాకా పరుగు, తిరిగొచ్చాక రెండు కోడిగుడ్లు, మధ్యాహ్నం సంగటి, ఊరిబిండి పచ్చడి, సాయంత్రం ఉలవ గుగ్గిళ్లు, పడుకునేముందు పాలు. మామ పౌరుషంగా రాశాడే గానీ అది పెరటాసి నెల అన్న సంగతి మరిచిపోయాడు. మా వైపు ఆ నెలంతా కొండమీది స్వామికి మొక్కుబడి, ఇంట్లో నీచు అన్న మాటే వినిపించదు. అమ్మకు చదువు రాదు గానీ గుడ్ల మాట ఏ వరుసలో ఉందో అడిగి తెలుసుకొని, పొయ్యిలో బొగ్గు తీసి దాని మీద అడ్డంగా ఒక గీత పెట్టింది. మిలిటరీ మనిషి ఆ గీత పక్కన తన ఎర్ర సిరాతోనే ఉలవలని రాశాడు. ఆ నెల రోజులూ గుడ్లకు బదులు ఉలవలే రెండు పూటలా తిన్నాను, గుర్రానికీ నాకూ తేడా లేకుండా పోయింది.

పరుగుది ఇంకో కథ. పెండ్లీడు పిల్ల రోడ్డు మీద పరుగెత్తడం ఆ కాలంలో మా ఊళ్లో ఎవరూ చూడలేదు. మొదటి రోజు గడప దాటబోతుంటే అమ్మ దొడ్లోకి పోయి దూడ పగ్గం తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఇది పట్టుకోని పరిగెత్తు మే. ఎవురన్నా అడిగితే దూడ తెంచుకోని పోయిందని చెప్పు.”

అట్లా మామ పాత ప్యాంటు కోసి కుట్టుకున్న దాని మీద లంగా వేసుకుని, చేతిలో పగ్గంతో, లేని దూడ వెంట కోట దాకా పరుగెత్తేదాన్ని. పాపం ఊళ్లోవాళ్లు మంచివాళ్లు. చెంబు పట్టుకొని పొలాల వైపు వెళ్లే పెద్దమనుషులు ఆగి, అది ఏ పక్క పోయిందో చెప్పమని నాతో పాటు నాలుగడుగులు పరుగెత్తేవాళ్లు. వారం తిరిగేసరికి ఆ ఇంటి దూడకు ఏదో దిష్టి తగిలిందని ఊరంతా అనుకున్నారు, ఒక ముసలామె నిమ్మకాయ కూడా తెచ్చిచ్చింది. అమ్మ ఆ నిమ్మకాయను దూడకు కాకుండా నాకు దిగదుడిచి పారేసింది.

ఇక తూకం. మా ఊళ్లో మనిషిని తూచే కాటా లేదు. గానుగ మొదలయ్యాక నాయన బెల్లం తోలినప్పుడల్లా నన్నూ లారీలో ఎక్కించుకుని మండీకి తీసుకుపోయేవాడు. బెల్లం మూటలన్నీ దించి తూచాక, చివరికి నేను ఆ కాటా పలక మీద నిలబడేదాన్ని. గుమాస్తా దండె మీద బిళ్ల జరిపి, ముప్పై ఏడు అనో ముప్పై ఏడున్నర అనో చెప్పేవాడు. చుట్టూ హమాలీలు నవ్వుతుంటే సిగ్గుతో తల ఎత్తలేకపోయేదాన్ని. నాయనకు మాత్రం ఆ నవ్వులు వినపడేవి కావు. అరకిలో పెరిగిందంటే చాలు, పగిలిన మూటలోంచి బెల్లం ముక్క తీసి నా అరచేతిలో పెట్టి, లారీ డ్రైవరుకు కూడా ఒకటి ఇచ్చేవాడు. పెరగని వారం నాకు ముక్క ఉండేది కాదు, ఆయనా నోట్లో వేసుకునేవాడు కాదు.

మధ్యలో ఒకసారి మామ నన్ను తిరుపతి రైల్వేస్టేషనులో రంగురంగుల దీపాలు తిరిగే తూకం మిషను దగ్గరికి తీసుకుపోయాడు. అది మన కాలం వాళ్లందరికీ తెలుసు. డబ్బు వేస్తే అట్టముక్క టికెట్టు రాలేది, దాని మీద బరువుతో పాటు జాతకం కూడా ఉండేది. నా టికెట్టు మీద నలభైన్నర అని పడింది, కొత్త పనిలో జయం కలుగుతుందని కూడా ఉంది. ఎగురుకుంటూ ఇంటికి వచ్చి నాయనకు చూపిస్తే, ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి మామను చూసి నవ్వాడు.

“జోస్యం చెప్పే మిషను తూకం నిజం చెప్తాదా అప్పా? పద్దెనిమిదేండ్లుగా నా బెల్లం తూచిన కాటా ఉండాది. అది చెప్పిందే లెక్క.”

అంతటితో ఆ మాట ముగిసిపోయింది. ఆ తర్వాత మామకు సూళ్లూరుపేట వైపు ఫ్యాక్టరీలో కాపలా ఉద్యోగం దొరికి వెళ్లిపోయాడు. సెలక్షన్ల ముందు వారం మండీ కాటా ముప్పై ఎనిమిదిన్నర దగ్గరే మొండికేసింది. ఇంకా ఒకటిన్నర కిలో కావాలి. ఇంట్లో ముగ్గురం తల పట్టుకుని కూర్చున్నాం. ఆలోచించి ఆలోచించి అమ్మే ఉపాయం చెప్పింది, పొద్దున అరటిపండ్లు తిని నీళ్లు తాగి ఎక్కితే సరిపోతుందని. మామ ఉండి ఉంటే తిట్టేవాడేమో.

చిత్తూరులో పరేడ్ గ్రౌండు గేటు బయట, చలి ఇంకా వదలని పొద్దున, ఆరు అరటిపండ్లు తిన్నాను. రెండు పెద్ద చెంబుల నీళ్లు తాగాను. నాయన నా చెప్పులు, సంచీ పట్టుకుని గోడ పక్కన నిలబడ్డాడు. లోపల పోలీసాయన తూకం చూసి గట్టిగా చదివాడు, నలభై మూడున్నర అని. పొరపాటుగా చదివాడేమోనని నేను దిగకుండా అక్కడే నిలబడిపోతే, వెనకనున్న అమ్మాయి నన్ను తోసింది. సంతోషమో కంగారో తెలియక బయటికి చూసి నాయనకు వేళ్లతో ఆ అంకె చూపించాను. పరుగు మధ్యాహ్నం ఉంటుందనుకున్నాం. అరగంటలోనే మమ్మల్ని వరుసలో నిలబెట్టేశారు.

వంద మీటర్లు. కోట దాకా పోయి వచ్చేదానికి అది ఒక లెక్క కాదు, సగం దాటేదాకా నేనే ముందున్నాను. అంతలో కడుపులో నీళ్లన్నీ ఒక్కసారి గొంతులోకి తోసుకొచ్చాయి. గీత ఇంకా ముప్పై అడుగులుందనగా మోకాళ్ల మీద కూలబడి అందరి ముందూ కక్కుకున్నాను. నా పక్కనుంచి ఆ అమ్మాయిలందరి కాళ్లు పోవడం ఇప్పటికీ కళ్లకు కడుతుంది. అంత ఏడుపు నేను మళ్లీ అమ్మ పోయినప్పుడే ఏడ్చాను.

తిరుగు బస్సులో నాయన నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టాడు. బస్సు కాణిపాకం దారి దాటాక, పోలీసాయన ఎంత చెప్పాడో మళ్లీ అడిగాడు. చెప్పాను. ఆరు పండ్లు, రెండు చెంబుల నీళ్లు ఎంత తూగుతాయో తనలో తనే లెక్క వేసుకున్నాడు. బెల్లం పండించేవాడికి ఆ లెక్క ఎంతసేపు? తర్వాత మెల్లగా తన ఆకువక్క సంచీ విప్పి, ఆకుల అడుగునుంచి స్టేషను మిషను టికెట్టు తీశాడు. అబద్ధమని నవ్విన మనిషి, కొత్త పనిలో జయమని ఉంది కదా అని దాన్ని ఇన్నాళ్లూ దాచుకున్నాడు. ఆ నలభైన్నర మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, చెరిగిపోతుందేమో చూస్తున్నట్టు.

“నా బెల్లాన్ని తక్కువ జేసినారంటే సరే పాపా, నేను ఎర్రోణ్ణి. నా బిడ్డను గూడా తక్కువ జేసి సూపిస్తా ఉంటే నమ్మినానే.”

అంతే అన్నాడు. కండక్టరు దగ్గరికి వచ్చేసరికి కండువాతో ముఖం తుడుచుకున్నాడు. నా ఏడుపు నేను మరిచిపోయి ఆయన చెయ్యి పట్టుకున్నాను, నాకు ఊహ తెలిశాక మా నాయన చెయ్యి పట్టుకోవడం అదే మొదలు.

మండీకి వెళ్లి గొడవ పెట్టుకుంటాడని అమ్మ భయపడింది. పెట్టుకోలేదు. అన్నేళ్లు మోసపోయానని నలుగురికీ తెలియడం ఆయనకు అవమానం. ఆ వారం నుంచి బెల్లం వేరే మండీకి తోలాడు, అక్కడ మూటలు పెట్టకముందు తానే ఎక్కి నిలబడి చూసుకునేవాడు. మూడో సంబంధం వస్తే, పిల్ల ఇంకా పరుగెత్తాలని చెప్పి తిప్పి పంపాడు. ఆ మాట విన్నాక అమ్మ నా చేతికి పగ్గం ఇవ్వడం మానేసింది. మరుసటి ఏడు మళ్లీ సెలక్షన్లు పడ్డాయి. ముందురోజు రాత్రి సంగటి తిని, పొద్దున నాలుగు చెనిక్కాయలు మాత్రం నోట్లో వేసుకుని వెళ్లాను. నలభై ఒకటి తూగాను. గీత దాటాక కూడా ఆగకుండా గోడ పక్కన నిలబడ్డ నాయన దాకా పరుగెత్తాను.

తర్వాత యూనిఫారం వేసుకుని ఎన్ని సంతల్లో, ఎన్ని జాతరల్లో డ్యూటీ చేశానో. ఎక్కడ కాటా కనపడినా ఒక్క క్షణం నిలబడి చూడటం నాకు అలవాటైపోయింది, నా తోటివాళ్లు దానికి నవ్వేవాళ్లు. ఇప్పుడు ఉలవలు అందమైన ప్యాకెట్లలో వస్తున్నాయి, సంగటి హోటళ్లలో గొప్పగా వడ్డిస్తున్నారు, తెల్లవారితే అలిపిరి దారిలో ఆడపిల్లలు చేతిలో ఏ పగ్గమూ లేకుండా హాయిగా పరుగెత్తుతున్నారు. వాళ్లను చూస్తే నాకు చెప్పలేనంత సంతోషం. మనం పడ్డ సిగ్గు వాళ్లకు లేదు.

ఈ పొద్దున గాజు తూకం మీద ఎక్కితే అరకిలో తగ్గానని చూపించింది. మనవరాలు చప్పట్లు కొట్టి ఫోనులో రాసుకుంది, కోడలు మెచ్చుకుంది. నేనూ నవ్వాను. దిగుతూ దిగుతూ ఎందుకో అరచెయ్యి చాచి చూసుకున్నాను. తగ్గినందుకు మెచ్చుకునేవాళ్లు ఇంటినిండా ఉన్నారు గానీ, అరకిలో పెరిగానని ఆ చేతిలో బెల్లం ముక్క పెట్టే మనిషి ఇప్పుడు లేడు.