తలుపులు లేని కోట

మా అమ్మాయి శనివారాలు జీతం లేని వాలంటీర్ గైడ్‌గా వెళ్ళే కోట స్కాట్లండ్‌లో పుట్టి వర్జీనియాకి వచ్చింది. ఆష్‌బర్న్‌లోని మా ఇంటి నుంచి గంటన్నర డ్రైవ్. తనకి లైసెన్స్ వచ్చాక కూడా నేనే తీసుకెళ్ళేవాణ్ణి, దారిలో నాతో నాలుగు మాటలు మాట్లాడుతుందన్న ఆశతో. తను లోపలికి వెళ్ళగానే నేను పార్కింగ్ లాట్‌లో లాప్‌టాప్ తెరిచి ఆఫీస్ పని చూసుకునేవాణ్ణి. మూడేళ్ళలో ఒక్కసారి కూడా లోపలికి వెళ్ళలేదు. పాత రాళ్ళు చూడ్డానికి టికెట్ కొనడమేమిటని నా వాదన.

ఈ వసంతంలో మొదటిసారి టికెట్ కొన్నాను. అప్పటికి తన ఇరవై ఒకటో పుట్టినరోజుకి పధ్నాలుగు వారాలు ఉంది. మూడేళ్ళ పిల్లగా మాతో వచ్చి, నా హెచ్-వన్‌బీ మీద డిపెండెంట్‌గా పెరిగింది. ఇరవై ఒకటి నిండిన రోజున ఆ వీసా చెల్లదు. గ్రీన్‌కార్డ్ క్యూలో నా వంతు రాలేదు, ఇప్పట్లో వచ్చేలా కూడా లేదు. తనని స్టూడెంట్ వీసాకి మార్చమని పెట్టిన అప్లికేషన్‌ని తిరస్కరించారు. ఇక మిగిలింది ఒకటే దారి. పుట్టినరోజులోపు దేశం వదిలి వెళ్ళి, బయటి నుంచి వీసా అడగాలి. ఇస్తే వస్తుంది, లేకపోతే లేదు. ఈ మాట చెప్పిన లాయర్ మీద నేను ఫోన్‌లో అరిచాను. అతను పాపం ఓపిగ్గా విన్నాడు.

టూర్ మొదలయ్యే ముందు మా అమ్మాయి అందరినీ ఎక్కడి నుంచి వచ్చారని అడిగింది. అది గైడ్లకి అలవాటట. ఒహాయో అన్నారు, టెక్సస్ అన్నారు. నా వంతు వచ్చినప్పుడు పార్కింగ్ లాట్ నుంచి అన్నాను. అందరూ నవ్వారు, తనూ నవ్వింది.

తర్వాత కోట కథ చెప్పింది. అయిదు వందల ఏళ్ళ క్రితం, సముద్రం పక్కన గుట్ట మీద కట్టిన నాలుగంతస్తుల బురుజు ఇది. యజమాని చనిపోయిన ఏడాదే పొరుగు వంశం వాళ్ళు చుట్టుముట్టారు. లోపల అతని భార్య, పదకొండు మంది మనుషులు, అంతే. కోట నిండా జనం ఉన్నారని నమ్మించడానికి ఆవిడ ప్రతి గదిలోనూ మంట వేయించింది. కట్టెలు అయిపోయాక బల్లలు, మంచాలు, చివరికి గదుల తలుపులన్నీ పొయ్యిలో పెట్టించింది. వీధి తలుపు ఒక్కటే మిగిలింది. చలికాలం చివర శత్రువులు విసుగెత్తి వెళ్ళిపోయారు. ఆవిడ బతికినంత కాలం లోపల మళ్ళీ తలుపులు పెట్టనివ్వలేదు, తర్వాతి వాళ్ళూ తెరలతోనే సరిపెట్టుకున్నారు.

ఆ వంశం చితికిపోయాక, కప్పు ఉన్న ఇంటికి మాత్రమే పన్ను ఉండేది కాబట్టి చివరి వారసుడు పైకప్పు పీకించేశాడు. చాలా ఏళ్ళు లోపల గొర్రెలు తిరిగాయి. ఆఖరికి ఒక అమెరికన్ కలప వ్యాపారి కొని, ప్రతి రాయి మీదా నంబర్ వేయించి, ఓడలో ఇక్కడికి తెప్పించాడు. దారిలో తడికి సగం నంబర్లు చెరిగిపోయాయి. మేస్త్రీలు తోచినట్టు పేర్చుకుంటూ పోయారు. మా అమ్మాయి మెట్ల పక్కన, నంబర్ ఇంకా కనబడుతున్న ఒక రాయి చూపించి పిల్లల్ని ముట్టుకోమంది.

ఇంట్లో అడిగినదానికి ఊ, ఆ తప్ప చెప్పని పిల్ల అంతసేపు, అంత ఇష్టంగా మాట్లాడగా వినడం నాకు అదే మొదలు. ఏడుపొచ్చింది. నిజం చెప్పాలంటే ఆ రాళ్ళని చూస్తే అసూయ కూడా కలిగింది. వాటిని ఎవరూ ఏ కాగితమూ అడగలేదు.

మన దగ్గర పని కావాలంటే పెద్దవాళ్ళని కలిసి, చేతిలో ఏదో ఒకటి పెట్టి, మా పిల్లకి ఏదైనా చూడండని అడుగుతాం. మా నాన్న నాకోసం అడిగాడు, నేను మా అమ్మాయి కోసం అడిగాను. తనకి చెప్పకుండా మరుసటి వారం పూతరేకుల డబ్బా పట్టుకుని కోట డైరెక్టర్ దగ్గరికి వెళ్ళాను. ఆవిడ మర్యాదస్తురాలు. ఒక పూతరేకు తీసుకుని, పైన ఉన్నది కాగితమనుకుని, జాగ్రత్తగా పొరలన్నీ విప్పి లోపల స్వీట్ కోసం వెతికింది. అదంతా తినేదేనని చెప్పాను. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ నవ్వుతో ధైర్యం వచ్చి మా గోడంతా వెళ్ళబోసుకున్నాను. అమ్మాయికి ఇక్కడ జీతానికి పనిచేసే హక్కు లేదని, మీరు స్పాన్సర్ చేస్తే ఉండిపోతుందని, తనకన్నా బాగా ఈ కోట గురించి చెప్పేవాళ్ళు దొరకరని.

ఆవిడ మొహంలో నవ్వు మాయమైంది. పనిచేసే హక్కు లేదన్న సంగతి ఇప్పటిదాకా తనకి తెలియదని, తమ లాయర్ని అడగాలని అంది.

వారం తిరగకుండా మా అమ్మాయికి ఈమెయిల్ వచ్చింది. మిగతా గైడ్లకి జీతం ఇస్తున్నారు కాబట్టి, పనిచేసే అనుమతి లేని మనిషి చేత అదే పని ఉచితంగా చేయించుకుంటే చిక్కులొస్తాయట. ఇన్నాళ్ళ సేవకి కృతజ్ఞతలట. ఇకమీదట టూర్లు ఇవ్వొద్దట.

తను కిచెన్‌లో నిలబడి రెండుసార్లు చదివి ఫోన్ నా ముందు పెట్టింది.

"ఎందుకు మాట్లాడావ్ ఆవిడతో?"

"ఏదో ఒకటి చేయాలి కదమ్మా. చేతులు కట్టుకుని కూర్చోలేక..."

"నాకు ఇంకా లెవెన్ శనివారాలు ఉండె నాన్నా. అవే ఉండె నాకు."

నన్ను తిట్టమన్నాను. తిట్టలేనంది, నువ్వు నాకోసమే అడిగావని తెలుసు కదా అంది. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రాత్రంతా నన్ను నేనే తిట్టుకున్నాను. ఆ పిల్లకి ఈ దేశంలో మిగిలిన కొంచెం కాలాన్ని నా నోటితో నేనే తగ్గించాను.

అయిదు శనివారాలు ఇద్దరం ఇంట్లోనే ఉన్నాం. ఆరో శనివారం పొద్దున్నే తను కార్ కీస్ తెచ్చి నా చేతిలో పెట్టింది. కోట దగ్గర రెండు టికెట్లు కొన్నాను. ఆ రోజు గైడ్ ఎవరో రిటైరైన పెద్దమనిషి. తలుపుల్ని శత్రువులే తగలబెట్టారని తప్పుగా చెప్పాడు. మా అమ్మాయి దిద్దబోయి ఆగిపోయింది. మెట్ల పక్క రాయి దగ్గర ఆయన ఆగనే లేదు. తను మాత్రం వెనక ఉండిపోయి, దాని మీద అరచేయి ఆనించి కాసేపు నిలబడింది.

బయటికి వచ్చాక ఆ పెద్దమనిషి నుదురు కొట్టుకుని, మొదట్లో అడగడం మర్చిపోయానంటూ, ఎవరెవరు ఎక్కడి నుంచి వచ్చారని అడిగాడు. ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. మా అమ్మాయి వంతు వచ్చింది. తను గైడ్‌గా మాట్లాడే ఆ గట్టి గొంతుతోనే చెప్పింది.

"వర్జీనియా."

ఆయన తలూపి పక్కవాళ్ళని అడగడానికి వెళ్ళాడు. తను నావైపు తిరిగి, తెలుగులో, మెల్లగా అంది.

"ఇంకో ఫైవ్ వీక్స్ అలా చెప్పొచ్చు కదా నాన్నా?"