బాణం కాదు, వెనకున్న గీత

ఈ ఉదయం ఫోను తెరిచేసరికి మా పాత సుబారు కార్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫోటో వచ్చి ఉంది, దాన్ని చూడగానే చేతిలోని చాయ్ బల్ల మీద పెట్టేసి కళ్లద్దాల కోసం వెతుక్కున్నాను. ఇక్కడ ఒమాన్‌లో, ఖురం వైపు ఏదో ఆఫీసులో పనిచేసే తెనాలి అబ్బాయి ఈమధ్యే ఇరవై ఏళ్లు దాటిన సుబారు ఒకటి కొన్నాడు. ఇంజన్ ముందు మూత విప్పి, కొత్త టైమింగ్ బెల్టు ఎక్కించి, కింది పళ్ల చక్రం మీది బాణం గుర్తుకు తెల్లరంగు పూసి నిటారుగా నిలబెట్టి, భోజనం కాగానే స్టార్ట్ చేస్తున్నాను, అందరూ ఆశీర్వదించండి అని రాశాడు. ఆశీర్వదించడానికి మనవాళ్లకు ఎంతసేపు, అప్పటికే ముప్పైమంది బొటనవేళ్లు ఎత్తేశారు, ఒక్కడంటే ఒక్కడు ఫోటోను సరిగ్గా చూసిన పాపాన పోలేదు. నాకు ఒళ్లు మండిపోయింది. ఫోను చేస్తే ఆ అబ్బాయి ఎత్తడు, మళ్లీ చేస్తే బిజీ, సరే అని గ్రూపులోనే రాశాను, తాళం తిప్పకు నాయనా, బాణం కాదు కలపాల్సింది అని.

కార్ల సంగతి తెలియని నా ఈడువాళ్ల కోసం కాస్త చెప్పాలి. ఇంజన్ లోపల పైకీ కిందికీ ఆడేవి కొన్ని, తలుపుల్లా తెరుచుకుని మూసుకునేవి కొన్ని ఉంటాయి, అవి ఒకదానికొకటి తగలకుండా లెక్కగా తిప్పేది ఈ బెల్టు. మా కార్లలో కింది చక్రం మీద రెండు గుర్తులుంటాయి, ఎదురుగా దర్జాగా కనబడే బాణం ఒకటి, వెనుక అంచున గోటితో తడిమితే తప్ప తెలియని చిన్న గీత ఇంకొకటి. పైన ఇంజన్ మీదున్న గుర్తుకు కలపాల్సింది ఆ గీతని. బాణాన్ని కలిపి తాళం తిప్పితే లోపలివన్నీ కొట్టుకుని వంగిపోతాయి. కొత్తగా చేయి పెట్టిన వాడెవడైనా ముందు బాణాన్నే నమ్ముతాడు.

నేను కరీంనగర్ వైపు నుంచి వచ్చినవాణ్ణి. మా పెద్దమ్మ కొడుకు, అంటే మా అన్న, వీసా తీసి నన్ను ఇక్కడికి తెచ్చి తన కంపెనీలోనే ఏసీ డక్టుల పనిలో పెట్టించాడు. వారానికి ఆరు రోజులు డ్యూటీ, సైటు, రూము, ఏడో రోజు శుక్రవారం. మిగతా రూములవాళ్లు ఆ రోజు బట్టలుతుక్కుని, ఊరికి ఫోన్లు చేసుకుని, నిద్రపోయేవారు, మా అన్నకు మాత్రం అల్ మవాలేలో ఒక పాత సుబారు ఉండేది కాబట్టి మాకు నిద్ర రాసిపెట్టి లేదు. మత్రా ఓడరేవులో పనిచేసి రిటైరైన ఒక ఒమానీ పెద్దాయన తన ఇంటి వెనుక రేకుల షెడ్డు మాకు వదిలేశాడు, ఆయనకూ అలాంటి కారే ఉండేది, మా మరమ్మతులు చూస్తూ కహ్వా, అదే అరబ్బుల కాఫీ, తాగడం ఆయనకు కాలక్షేపం. తెల్లవారుతూనే నలుగురైదుగురు పాత సుబారులవాళ్లు అక్కడికి చేరేవారు, ఒకడు స్ప్రింగులు మార్చేవాడు, ఒకడు బానెట్ మీద గాలి పీల్చే డబ్బా బిగించేవాడు, సాయంత్రం అమెరాత్ కొండ రోడ్డు మీద ఎవడి కారు వేడెక్కకుండా పైకి చేరుతుందా అని పోటీ.

ఆ కారు ఎంత విసిగించేదో తలచుకుంటే ఇప్పటికీ చిరాకే. మిగతా కార్లలో ఇంజన్ నిలబడి ఉంటుంది, దీంట్లో పడుకుని ఉంటుంది, ప్లగ్గులు మార్చాలంటే ముందు బ్యాటరీ తీయాలి, ఇంకేవో డబ్బాలు తీయాలి, అయినా చేయి దూరక వేళ్ల కణుపులు చెక్కుకుపోవాలి. మనవాళ్ల చేష్టలు ఇంకో తలనొప్పి. ఎండదేశంలో ఇదెందుకని ఇంజన్‌లో నీళ్ల వేడి చూసే చిన్న వాల్వును పీకి పారేయడం అప్పట్లో ప్రతి మెకానిక్‌కూ అలవాటు, మా అన్న కూడా నా చేత పీకించాడు, ఆ వారమే కొండ సగంలో కారు ఆవిర్లు కక్కింది.

దాన్ని చూడటానికి వచ్చినవాడే ఉస్తాద్. పెషావర్ వైపు మనిషి, నెరిసిన గడ్డం, పక్క వీధి గ్యారేజీలో పని, శుక్రవారాలు మాత్రం సరదాకి మా షెడ్డుకు వచ్చేవాడు. వాల్వు లేని చోటు చూసి మా అన్న నుదుటి మీద చేయిపెట్టి, బుఖార్ గాడీకో నహీ, ఆప్‌కో హై అన్నాడు, జ్వరం కారుకు కాదు నీకు అని. ఆయన దగ్గర పళ్ల డాక్టరు దగ్గరుండేలాంటి చిన్న గుండ్రటి అద్దం ఉండేది, పిడి పట్టుకుని ఇంజన్ సందుల్లోకి దూర్చి వెనకున్న గుర్తుల్ని చూసేవాడు. బెల్టు ఎక్కించాక ఎంతటి తొందరున్నా తాళం జోలికి పోనిచ్చేవాడు కాదు. హాథ్ సే దో చక్కర్, ఫిర్ చాబీ, ఇదీ ఆయన నియమం. ముందు పానాతో చేత్తో రెండు చుట్లు నిదానంగా తిప్పాలి, ఎక్కడైనా అడ్డం తగిలితే ఆగిపోవాలి, ఏదీ తగలకపోతేనే తాళం. నేను ఆ మాట వందసార్లు విన్నాను, వందసార్లూ తలూపాను.

ఒక శుక్రవారం మా అన్న కారుకు బెల్టు మారుస్తున్నాం. ఆ సాయంత్రం కొండ పోటీ ఉంది, అంతకుముందు మూడు సార్లూ మేమే ఆఖరు కాబట్టి ఈసారి ఎలాగైనా ఎక్కాలని మా అన్న పట్టుదల. ఉస్తాద్ గుర్తులన్నీ కలిపి, బెల్టు ఎక్కించే లోపల జుమ్మా నమాజు వేళైందని ఒమానీ పెద్దాయనతో కలిసి మసీదుకు బయల్దేరాడు, వెళ్తూ వెళ్తూ దేన్నీ ముట్టుకోవద్దని నాకు వేలు చూపించాడు. మా అన్న అన్నం తేవడానికి రూముకు వెళ్లాడు. మిగతావాళ్లు కూడా భోజనాలకు వెళ్లడంతో షెడ్డులో నేను ఒక్కణ్ణే మిగిలాను. కింది చక్రం మీది బాణం నిటారుగా లేదు, పక్కకు వాలి ఉంది. ఉస్తాద్‌కు వయసైంది కదా, కంటిచూపు ఆనలేదేమోనని నేనే జాలిపడ్డాను చూడండి, ఆ జాలికి ఇప్పుడు చెప్పుతో కొట్టుకోవాలనిపిస్తుంది. పానా వేసి బాణాన్ని నిలబెట్టి, బెల్టు ఎక్కించి, అందరూ వచ్చేసరికి ఇంజన్ పాడుతూ ఉండాలని, చేత్తో ఒక్క చుట్టు కూడా తిప్పకుండా తాళం తిప్పాను. ఒక్క దెబ్బ లాంటి శబ్దం వచ్చింది, ఆ తర్వాత ఇంజన్ బరువు లేనట్టు ఊరికే తిరిగింది. తెలిసినవాడెవడికైనా ఆ తిరగడం వింటే లోపలివన్నీ వంగిపోయాయని అర్థమైపోతుంది.

ముగ్గురూ దాదాపు ఒకేసారి వచ్చారు. ఏమాయెరా అన్నాడు మా అన్న గిన్నె కింద పెడుతూ. నన్ను ఈ దేశం తెచ్చినవాడు, తన కారు తాళం నా చేతికిచ్చి వెళ్లినవాడు ఎదురుగా నిలబడ్డాడు, నేను ఉస్తాద్ వైపు చూడకుండా, ఆయన పెట్టిన గుర్తుల మీదే బెల్టు ఎక్కించాను అన్నాను. ఉస్తాద్ వంగి చూసి, నేను గీత మీద పెట్టాను, దీన్ని ఎవరో కదిపారు అన్నాడు నెమ్మదిగా. ఇంజన్ నాలుగు చుట్లు తిరిగాక ఇక రుజువేముంటుంది. మేరా భాయ్ ఝూట్ నహీ బోల్తా, నా తమ్ముడు అబద్ధమాడడు అన్నాడు మా అన్న, ఒమానీ పెద్దాయన ముందే, గొంతు పెంచి. పెద్దాయన ఏదో సర్దిచెప్పబోయాడు, మా అన్న చెవిన పెట్టలేదు. ఉస్తాద్ నా ముఖంలోకి ఒక్కసారి చూశాడు, అర్థమైపోయిందని నాకు తెలిసింది. ఆ తర్వాత పానాలన్నీ గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దుకుని వెళ్లిపోయాడు. అద్దం మాత్రం రేడియేటర్ మీద మరిచిపోయాడు.

గుర్తులు కలపడం రాని ఉస్తాద్ అని పాత సుబారులవాళ్లలో పేరు పాకిపోయింది. ఎవరూ ఆయన్ను పిలవడం మానేశారు, ఆయనా ఆ వైపు రావడం మానేశాడు. మా అన్న కారు ఆ ఎండాకాలమంతా టార్పాలిన్ కింద ఇటుకల మీద కూర్చుంది, షార్జా పాత సామాన్ల మార్కెట్ నుంచి లోపలివి వంగని వేరే ఇంజన్ తలకాయలు తెచ్చి ఇంకెవరో బిగించారు గానీ అది మళ్లీ ఏనాడూ కొండ ఎక్కలేదు. ప్రతి శుక్రవారం చెబుదామనుకునేవాణ్ణి, ప్రతి శుక్రవారం మా అన్న ఉస్తాద్‌ను తిట్టడం మొదలుపెట్టగానే నా నోరు మూతపడేది.

కొన్నేళ్లకు ఉస్తాద్ మత్రాలో చేపల మార్కెట్ దగ్గర ఎదురయ్యాడు. సలాం చెప్పి, నీకిప్పుడు సొంత సుబారు ఉందట కదా, నడుస్తోందా అని ఆప్యాయంగా అడిగాడు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఉంటుందా? నేను చేపల ధర గురించి మాట్లాడాను. పోబోతూ ఆగి, నా అద్దం ఆ షెడ్డులోనే ఉండిపోయిందేమో, చూశావా అని అడిగాడు. లేదు ఉస్తాద్, చూడలేదు అన్నాను. అది అప్పటికే నా పనిముట్ల పెట్టెలో ఉంది. అవునంటే మాట ఆ రోజు దాకా వెళ్తుందని భయం. మొదటి అబద్ధం భయంలో నోరు జారిందనుకున్నా, ఈ రెండోది నిలబడి, ఆలోచించి చెప్పాను. ఆ తర్వాత ఆయన సొహార్ వైపు వెళ్లాడన్నారు, తన దేశం వెళ్లిపోయాడన్నారు.

మళ్లీ ఇవాళ్టి సంగతికి వస్తాను. నా మాట చూసి తెనాలి అబ్బాయి, వీడియోలో బాణమే చూపించారు అంకుల్, మీకెలా తెలుసు అని గ్రూపులో అడిగాడు. అతని వెనుక ఇంకో ఇద్దరు, బెల్టు ఎవరు ఎక్కించినా ఒకటే అంకుల్ అని నవ్వు ముఖాలు పెట్టారు. నాకు వచ్చిన కోపం వాళ్ల మీదా నా మీదా తెలియదు, షెడ్డు, జుమ్మా, బాణం, ఉస్తాద్, అద్దం, అన్నీ పేరాలు కూడా విడదీయకుండా రాసి పంపేశాను. ఊరికి తిరిగి వెళ్లిపోయి పసుపు వేసుకుంటున్న మా అన్న కూడా ఆ గ్రూపులో ఉన్నాడని, రోజూ పొద్దున పువ్వుల బొమ్మలు పెడతాడని తెలిసే పంపాను.

అరగంటకు ఆ అబ్బాయి, వెనక గీత కనబడింది అంకుల్, బెల్టు తీసేశాను, బతికించారు అని రాశాడు. మిగతావాళ్లు నా కథకు నలభై బొటనవేళ్లు, రెండు చప్పట్లు పెట్టి, చక్రాల రిమ్ములకు నలుపు బాగుంటుందా ఇత్తడి రంగు బాగుంటుందా అన్న చర్చలో పడిపోయారు. ఇరవై ఏళ్లు గొంతులో అడ్డం పడినది రిమ్ముల కింద కొట్టుకుపోయింది. ఇప్పుడు ప్రతివాడి పేరూ, నంబరూ, కారు ఫోటో గ్రూపులో ఉన్నాయి, ఏది విరిగినా నిమిషంలో పది వీడియోలు వస్తాయి, తప్పు చేసినవాడు కూడా ఇంకో వీడియో చూసి సర్దుకుంటాడు. ఆ రోజుల్లో మాకున్నదల్లా ఒక మనిషి చేయి, ఆ మనిషి మాట, వాటిని కూడా నిలబెట్టుకోలేకపోయాం.

సాయంత్రం మా అన్న దగ్గరి నుంచి నాకు విడిగా చిన్న వాయిస్ మెసేజ్ వచ్చింది. తిట్టలేదు. ఉస్తాద్ నంబరున్నదారా నీ దగ్గెర, ఉంటె పంపు, నేను మాట్లాడుత, అంతే. గొంతు ముసలిదైపోయింది. ఆ పాత నంబరు ఎప్పుడో వేరెవరికో పోయింది, లేదన్నా అని రాశాను. కాసేపటికి ఇంకోటి వచ్చింది. పోనీ ఆయన పేరేందిరా, ఎవలనన్న అడుగుదాం అన్నాడు.

పెట్టె తెరిచి అద్దం చేతిలోకి తీసుకున్నాను. అన్ని శుక్రవారాల్లో ఉస్తాద్ అని పిలవడమే గానీ, ఆయన పేరు మాలో ఎవరమూ అడగలేదు.