మోగని సైరన్

మా ఆఫీసులో ఆమెను అందరూ అనుమానాలక్క అంటారు. మొహం మీదే అంటారు, ఆమె ఏమీ అనుకోదు. వరద అంచనా విభాగం అని మా తలుపు మీద పెద్ద బోర్డు ఉంటుంది గానీ, లోపల ఉండేది అక్క, నేను, కిర్రుమనే ఫ్యాను, గోడంత స్క్రీను. అంతే.

"టీ వచ్చిందక్కా" అన్నా వదలదు.

"తెలిసిందా, అనుకున్నావా?"

"మెట్ల మీద గ్లాసుల చప్పుడు వినపడింది."

"అయితే గ్లాసులు వచ్చాయి. టీ సంగతి ఇంకా తెలియదు."

ఇలాంటి మనిషితో పక్కపక్క కుర్చీల్లో పనిచేసే కష్టం పగవాడికి కూడా రాకూడదు. కానీ ఆ పనికి ఆమే తగినది. కన్‌కరెంట్ కన్‌స్ట్రెయింట్ ప్రోగ్రామింగ్ అని దానికి నోరు తిరగని పేరొకటి ఉంది. విషయం మాత్రం సులువు. నదిలో నీటిమట్టం చూపే ప్రతి కొలబద్దకీ, ప్రతి గేటుకీ, ప్రతి కాలువకీ కంప్యూటర్లో ఒక చిన్న ప్రోగ్రాము కాపలా ఉంటుంది. అన్నీ ఒకేసారి పనిచేస్తాయి. ఒకదానితో ఒకటి మాట్లాడుకోవు. అందరికీ కలిపి ఒక పలక ఉంటుంది, తమకు తెలిసింది దాని మీద రాస్తాయి. "ఈ గంటలో ఇక్కడ నీళ్ళు ఇంతకు తగ్గవు" అని ఒకటి, "ఇంతకు మించవు" అని ఇంకొకటి. రాసింది చెరపడానికి ఎవరికీ హక్కు లేదు. రాతలు పెరిగే కొద్దీ నిజం ఉండగల చోటు ఇరుకవుతుంది. కొన్ని ప్రోగ్రాములు రాయవు, పలక వైపు చూస్తూ కూర్చుంటాయి. తమకు కావలసిన సంగతి ఖాయమైందంటే లేచి పని చేస్తాయి. కాకపోతే అలాగే కూర్చుంటాయి, విసుగూ విరామమూ లేకుండా.

అలా కూర్చునే వాటిలో సైరన్ ఒకటి. పోయినేడు అది ఉత్తపుణ్యానికి మోగింది. వంతెన కింది వీధిలో జనం ఒకరి మీద ఒకరు పడి కాళ్ళు విరగ్గొట్టుకున్నారు. పైవాళ్ళు మా ఆఫీసు పెద్దసారుకు గడ్డి పెట్టారు. ఆయన వచ్చి మాకు పెట్టాడు. "ఖాయంగా తెలిస్తేనే మోగాలి, అర్థమైందా!" అన్నాడు. అక్కకు ఆ మాట చెవిలో తేనె పోసినట్టుంది. వంతెన దగ్గర నీళ్ళు ప్రమాదానికి గుర్తుగా గీసిన ఎర్రగీత దాటాయని ఖాయమైతేనే సైరన్ మోగించు అని నియమం రాసింది. సైరన్ మోగితే గోడ మీది స్క్రీనులో ఎర్రదీపం వెలుగుతుంది. అది వెలగకపోతే అంతా క్షేమమే అని పెద్దసారు తీర్మానించేశాడు. మౌనం అర్ధాంగీకారం అంటారు కదా, ఆయన దాన్ని పూర్తి అంగీకారం చేసేశాడు.

ఆ వంతెన కింది వీధిలోనే అక్క చెల్లెలి కుట్టుకొట్టు ఉంది. తల్లి పోయాక ఆ చెల్లెల్ని పెంచింది అక్కే. కొట్టు సగం నేలలోకి దిగి ఉంటుంది, వీధిలోంచి మెట్లు దిగి పోవాలి. ముందు గదిలో మిషన్ల మీద అమ్మాయిలు, లోపలి గదిలో గోడ వైపు తిరిగి కటింగ్ మాస్టారు. ముసలాయన, రెండు చెవులూ దాదాపు పోయాయి. చెల్లెలు పొద్దస్తమానం ఆయన మీద అరుస్తూనే ఉంటుంది. నేనొకసారి చొక్కా కుట్టించుకోవడానికి పోయి, ఆ అరుపుకు నా కొలతలు నేనే మర్చిపోయాను.

"మా చెల్లి ఉండగా ఆ వీధికి సైరన్ దండగ" అని అక్క నవ్వేది.

వాన పడుతున్న ఆ పొద్దున చెల్లెలు ఫోను చేసింది. "కొట్టు తెరవనా అక్కా, మూసెయ్యనా?"

"సైరన్ మోగకపోతే భయం లేదు. తెరుచుకో" అంది అక్క. ఆ మాట నేను విన్నాను.

మధ్యాహ్నం మళ్ళీ ఫోను. స్పీకర్లో మిషన్ల రొద. "అక్కా, మెట్ల దగ్గర బురద వాసనొస్తోంది. నీ సైరన్ మోగలేదుగా? స్కూలు యూనిఫారాలు సాయంత్రానికి ఇచ్చెయ్యాలి. కూర్చుని కుడుతున్నాం."

"ఉండు, చూసి చెప్తా" అని అక్క ఫోను పెట్టి స్క్రీను వైపు తిరిగింది. ఎర్రదీపం లేదు. నాకైతే ప్రాణం కుదుటపడింది. అక్క మాత్రం దీపాన్ని వదిలేసి పలక తెరిచింది.

పైనుంచి కిందికి రెండుసార్లు చదివింది.

"వంతెన కొలబద్ద పొద్దుటి నుంచి ఏమీ రాయలేదు" అంది. "దుంగ ఏదో తగిలి విరిగిపోయి ఉంటుంది. పై గేట్ల లెక్క ప్రకారం నీళ్ళు గీత కిందా ఉండొచ్చు, గీత దాటి మనిషి ఎత్తూ ఉండొచ్చు."

"మరి సైరన్?"

"కూర్చుంది. ఖాయమయ్యేదాకా అలా కూర్చునే ఉంటుంది. ఊరు మునిగినా కూర్చునే ఉంటుంది." స్క్రీను వైపు వేలు చూపించింది. "అది బాగుందని చెప్పడం లేదు. నాకేం తెలియదంటోంది. మనం బాగుందని వింటున్నాం."

అక్క చెల్లెలికి ఫోను కలిపింది. మోగుతోంది, ఎత్తడం లేదు. ఆ మిషన్ల రొదలో వినపడదు. మళ్ళీ కలిపింది. ఎత్తలేదు.

చేత్తో సైరన్ వేసే మీట పెద్దసారు గదిలో, తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. తాళంచెవి ఆయన కుర్చీ వెనక మేకుకు వేలాడుతుంది. అక్క తలుపు తట్టకుండా లోపలికి పోయింది, వెనకాలే నేను.

"సైరన్ వెయ్యాలి సార్."

"నీళ్ళు గీత దాటాయా?"

"తెలియదు."

పెద్దసారు కుర్చీలో వెనక్కి వాలాడు. ఇన్నేళ్ళుగా ఆమె చేతిలో తిన్న చురకలన్నీ వడ్డీతో తీర్చుకునే అవకాశం దొరికింది ఆయనకు. "తెలిసిందా అనుకున్నావా అని ఊరందర్నీ దులిపేస్తావు కదమ్మా. ఇప్పుడు చెప్పు. తెలిసిందా? అనుకున్నావా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. ఆ క్షణంలో ఆమె కళ్ళలో కనిపించిన భయం నేను ఇంకెవరి కళ్ళలోనూ చూడలేదు, చూడాలనీ లేదు.

"దాటిందని తెలియదు సార్" అంది చివరికి. "దాటలేదనీ తెలియదు. కింద మా చెల్లెలుంది."

కుర్చీ చుట్టూ తిరిగి తాళంచెవి అందుకుంది. పెద్దసారు అడ్డం రాబోయాడు గానీ మధ్యలో నేనున్నాను. ధైర్యం వల్ల కాదు, ఆ గది ఇరుకు. పెట్టె తెరిచి మీట లాగింది. సైరన్ కూత ఊరంతా పాకింది.

ఇద్దరం ఫోను ముందు కూర్చున్నాం. కిటికీలోంచి చూస్తే వానే తప్ప ఏమీ కనపడదు. అక్క చీర చెంగు మెలిపెడుతూనే ఉంది.

"ఏం కాదక్కా, పైకొచ్చేసి ఉంటుంది" అన్నాను.

అక్క నా వైపు చూసింది. ఏమీ అడగలేదు. అడిగినా బాగుండేది.

ఫోను మోగింది. "అక్కా!" చెల్లెలు ఏడుస్తోంది. "మేడ మీదికి ఎక్కేశామే. వెనకాలే వచ్చేశాయి నీళ్ళు. మెట్లు కనపడట్లేదు. పిల్లలందరూ ఉన్నారు."

"మాస్టారు?"

అటువైపు ఏడుపు ఆగిపోయింది.

"చెల్లీ, మాస్టారేరీ?"

"ముందే ఎక్కేశాడనుకున్నానే అక్కా…"

అక్క ఆఫీసు ఫోను లాక్కుని అగ్నిమాపక వాళ్ళకు కలిపింది.

అగ్నిమాపక వాళ్ళు గాలికిటికీ ఊచలు కోసి ఆయన్ను బయటికి లాగారు. కటింగ్ బల్ల మీద నిలబడి, గడ్డం దాకా వచ్చిన నీళ్ళలో కత్తెరను తల మీద పెట్టుకుని ఉన్నాడట. బతికాడు.

మర్నాడు ఆసుపత్రికి పోయాం. చెల్లెలు వరండాలో మొహం చూపించలేక కూర్చుంది. ముసలాయన మమ్మల్ని చూసి బోసినోటితో నవ్వాడు.

"నాకు మీ సైరన్ వినపడదమ్మా. మీ చెల్లెలి అరుపొక్కటే వినపడేది. నిన్న అరవలేదు. అరవలేదంటే పని బాగానే సాగుతోందని అర్థం కదా. కాళ్ళు తడిసేదాకా కత్తిరిస్తూనే ఉన్నా."

నాకు నవ్వొచ్చింది. అక్క వైపు తిరిగేసరికి ఆ నవ్వు ఆగిపోయింది. ఆమె ముసలాయన చేతిని రెండు చేతులతో పట్టుకుని వదలడం లేదు.

"పద" అంది ఉన్నట్టుండి లేచి. "ఆఫీసుకి పద. ఆ నియమం ఇంకా అలాగే ఉంది. కొలబద్ద ఎవరూ బాగుచెయ్యలేదు."

బయట మళ్ళీ వాన మొదలైంది. సైరన్ మోగడం లేదు. ఇద్దరం పరుగెత్తాం.