ఏడో ట్రస్టీ అడిగిన ప్రశ్న

దాతలు విరాళం ఇచ్చే ముందు ఆ సంస్థ జమాఖర్చులు, పాలన ఎలా ఉన్నాయో చూసి రిపోర్టు రాయడం నా ఉద్యోగం. ఈ రోజు ఫిల్మ్‌నగర్‌లో మూగజీవాల హక్కుల కోసం పోరాడే ఒక సంస్థ వంతు. ట్రస్టీలందరితో మాట్లాడాలని నిన్ననే చెప్పాను.

వెళ్లేసరికి ఏడుగురూ హాజరు. నా సర్వీసులో ఇది వింతే! అధ్యక్షుడు మాట్లాడుతుంటే, చివర కూర్చున్న ఖద్దరు చొక్కా పెద్దాయన ప్రతి మాటకూ ఎంత హుందాగా తల ఊపుతున్నాడో. ముచ్చటేసింది.

"మీరు ట్రస్టులో ఎప్పుడు చేరారండీ?" అన్నాను.

"పొద్దుగాల తొమ్మిదింటికి మేడమ్. కృష్ణానగర్ నుంచి తోలుకొచ్చిన్రు."

అధ్యక్షుడికి దగ్గొచ్చింది. ఒక ట్రస్టీ ఊళ్లో లేడని జూనియర్ ఆర్టిస్టును కూర్చోబెట్టారట. నేను నవ్వు ఆపుకునేలోపే పెద్దాయన మళ్లీ అందుకున్నాడు.

"జర ఒక్కటి అడుగుత. చెక్కుల మీద సంతకం పెట్టేది సారు, లెక్కలు చూసేది సారు భార్య అన్నరు గద. మరి తప్పయితే అడిగేటోడెవడు?"

నేను మర్యాదగా, గంటసేపు చుట్టూ తిరిగి అడగబోయిన ప్రశ్న అదే.

ఆయన్ని నిజంగానే ట్రస్టీగా తీసుకోమని రిపోర్టులో రాశాను. తప్పంటారా? ఆయన ఒప్పుకుంటాడో లేదో మాత్రం అనుమానమే. వచ్చేటప్పుడు లిఫ్టు దగ్గర అధ్యక్షుణ్ణి నిలదీస్తున్నాడు:

"తల ఊపుడుకే మాట్లాడుకున్నం సార్. డైలాగ్ గూడ చెప్పిన. దానికి వేరే ఇయ్యాలె."