చదవకుండా చదివిన కీర్తన

మా బాపు భక్తిని దేవుడు చూశాడో లేదో నాకు తెలియదు. మహారాష్ట్ర కొసన ఉన్న మా సిరొంచలో మిగతా అందరూ చూశారు. అందుకే కదా ఆయన పొద్దున్నే వాకిట్లో నిలబడి, దారినపోయేవాళ్లు ఆగేంత గట్టిగా ప్రార్థన చేసేది! ఇంట్లో చేస్తే దేవుడికి వినబడదని కాబోలు.

అడవి శాఖ కట్టె డిపోలో ఆయన గుమస్తా. పిల్లలకు విశ్వాసం నేర్పడంలో మాత్రం పెద్ద సాహెబే. మేం చదివింది మరాఠీ బడిలో. ఇంట్లో మాట్లాడేది తెలుగే అయినా, తెలుగు అక్షరం మాకు ఒక్కటీ రాదు. మా సరిహద్దు ఊళ్లలో అది మామూలు సంగతి. బాపుకు మాత్రం తల కొట్టేసినట్టుండేది. ఏటవతలి తెలుగు ఊళ్ల నుంచి ప్రసంగాలకు వచ్చే దైవజనుల ముందు తన పిల్లలు బైబిల్ చదవలేరంటే ఎలా? పోనీ అక్షరాలు నేర్పిస్తాడా అంటే, అంత ఓపిక లేదు. తెలుగు చదవడం వచ్చిన మా అవ్వ చేత, అంటే అమ్మ చేత, కీర్తనలు చదివించి మాకు బట్టీ పట్టించాడు. చర్చిలో బైబిల్ తెరిచి పట్టుకుని, వేలు వరసల మీద జరుపుతూ అప్పజెప్పాలి. పేజీ ఎక్కడ తిప్పాలో కూడా నేర్పాడు మహానుభావుడు.

నేను ఎదిగాక ఆ వేషం చెల్లెలికి వచ్చింది. దానికి ఎనిమిదేళ్లు. ఆ ఇంట్లో దేవుణ్ణి నిజంగా నమ్మింది అదొక్కతే అని ఇప్పటికీ అంటాను. అబద్ధమాడితే దేవుడు తనను విడిచిపెడతాడని దాని భయం.

"బాపూ, సదువకుంటనే సదివినట్టు జేస్తే అబద్ధం గాదా?" అని అడిగింది.

"దేవుని పనిల అబద్ధం ఉండదే. చెప్పింది జెయ్యి," అన్నాడు బాపు.

ఆ ఆదివారం పడవ దిగి వచ్చిన దైవజనుడి ముందు దాన్ని నిలబెట్టాడు. చెల్లెలు తడబడకుండా అప్పజెప్పింది. బాపు మెడ సాచి అటూ ఇటూ చూసుకున్నాడు. దైవజనుడు మురిసిపోయి, తానే నాలుగు పేజీలు తిప్పి, "ఇది కూడా చదువమ్మా," అన్నాడు.

చెల్లెలు బాపు వైపు చూసింది. బాపు దగ్గాడు. అది బైబిల్ మూసేసింది.

"నాకు సదువరాదు అయ్యగారూ. అవ్వ చెప్తే యాదివెట్టుకున్న. బాపు గిట్ల పట్టుకోమన్నడు."

సంఘమంతా ఒక్కసారిగా పైకప్పు చూడసాగింది. అంత గొప్ప దైవజనుడికీ నిజం చెప్పిన పిల్లను మెచ్చుకోవాలని తోచలేదు. "స్తోత్రం" అని గొణిగి పాట ఎత్తుకున్నాడు.

ఇంటికొచ్చాక బాపు విరుచుకుపడ్డాడు. "ఇజ్జత్ తీసినవ్ గదనే! నిన్నెవరడిగిండ్రు నిజం?"

అన్నాల ముందు ఇంకా పొడుగు ప్రార్థన చేశాడు. నోటి దుడుకున్న ఈ పిల్లను క్షమించమని దేవుణ్ణి వేడుకున్నాడు. మా ఇంట్లో చివర ఆమెన్ అనేది చిన్నపిల్ల. అది అనేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. బాపు ముగించాడు. చప్పుడు లేదు. ఆఖరి మాట మళ్లీ అన్నాడు. అయినా లేదు.

"అనవే బిడ్డా, అన్నం సల్లారిపోతంది," అంది అవ్వ.

"నేను తప్పు జెయ్యలే. నేనెందుకంట? బాపునే అనుమను," అంది చెల్లెలు.

బాపు కంచం ముందుకు లాక్కుని, ఆమెన్ లేకుండానే తినడం మొదలుపెట్టాడు. చెల్లెలు కళ్లు మూసుకుంది. ఎవరికీ వినబడకుండా తన ప్రార్థన తాను చేసుకుని, అప్పుడు తిన్నది.